చుక్క పెట్టని కట్టు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆసుపత్రిలో ఆ పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూడదు. అందరికీ ఆవిడ చుక్కమ్మ. విరిగిన ఎముకలకి పిండికట్లు వెయ్యడం, అతికిన ఎముకల మీది కట్లు కోసి తియ్యడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే ఇనప బల్ల, అదే సింకు. చేతులు కడిగినప్పుడల్లా జారిన పిండి సింకు కింద గడ్డకట్టి, ఏటికేడాది పెరిగి, ఇప్పుడు పిల్లి పడుకునేంత అరుగైంది.

చుక్కమ్మ ఎవర్నీ నమ్మదు. కూరలవాడి తూకాన్ని నమ్మదు, వార్డు గోడ మీది గడియారాన్ని నమ్మదు, పాలు పొంగిపోలేదని మొగుడు చెబితే పొయ్యి చుట్టూ వేలితో రాసి చూస్తుంది. ఆయన సిటీ బస్సు డ్రైవరు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన్ని అనుమానించడానికి ఏముందని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదది. ఆ కట్ల గదిలో ఓ నెల్లాళ్ళు కూర్చుంటే మీకైనా నాకైనా అదే పట్టుకుంటుంది.

ఎందుకంటారా? రోజుకి పాతిక మంది వస్తే అందులో పద్దెనిమిది మంది బండి మీంచి పడ్డవాళ్ళే. పడ్డవాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, తప్పు నాదన్న పాపాన పోలేదు. అందరికీ కుక్కే అడ్డొస్తుంది. వీళ్ళ లెక్క నిజమైతే ఆ ఊరి కుక్కలకి తిండీ నిద్రా ఉండవు, పొద్దస్తమానం రోడ్లు దాటుతూ ఉండడమే వాటి ఉద్యోగం. కుక్క కాకపోతే ఇసక. ఇసక కాకపోతే ఎవడో ముసలాయన. ఒకసారి ఒక కుర్రాడి చెవి చుట్టూ నలుచదరంగా కమిలిపోయి ఉంది, ఫోను అంచు అచ్చు దిగినట్టు. హెల్మెట్ లోపల ఫోను దోపుకుని మాట్లాడుతూ పోయి స్తంభాన్ని గుద్దాడు. వాడూ కుక్కే అన్నాడు. ఇంకో పెద్దమనిషి హెల్మెట్‌ని మోచేతికి తగిలించుకుని, పోలీసు కనబడితే పెట్టుకుందామని బయల్దేరాడు. మోచెయ్యి మూడు ముక్కలైంది. హెల్మెట్ మీద గీత కూడా పడలేదు. దాన్ని పక్కన పెట్టుకునే, ఇసకలో జారానమ్మా అని చుక్కమ్మ చెవిలో పువ్వు పెట్టబోయాడు.

కట్టు వేశాక దాని మీద తేదీ రాయడం అన్నిచోట్లా ఉన్నదే. చుక్కమ్మ ఇంకోటి కూడా రాస్తుంది. ఎలా విరిగిందో పేషెంటు చెప్పిన మాట, రెండే ముక్కల్లో, ఊదారంగు మార్కరుతో: 'కుక్క అడ్డం', 'మెట్ల మీద జారి', 'ఇసక'. ఆ మాట తను నమ్మకపోతే పక్కన ఒక చుక్క పెడుతుంది. అంతే. వాదించదు, తిట్టదు. ఆరు వారాలకి కట్టు కోసేటప్పుడు మాత్రం రంపం ఆపి, "ఇప్పుడు చెప్పండి, ఏమొచ్చింది అడ్డం?" అని మళ్ళీ అడుగుతుంది. అప్పటికి కేసూ భయమూ తగ్గి, చెయ్యి తేలికపడి, చాలామంది నిజం చెప్పేస్తారు.

ఆ చుక్క సరదాకి మొదలైంది కాదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, మణికట్టు విరిగిన ఒకాయన మెట్ల మీద జారానన్నాడు. ఆవిడ నమ్మింది, డాక్టరూ నమ్మాడు. కట్టు వేసి ఇంటికి పంపేశారు. నిజానికి ఆయన బండి మీంచి ఎగిరి డివైడర్ మీద పడ్డాడు. తాగి ఉన్నాడు కాబట్టి కేసవుతుందని మెట్ల కథ చెప్పాడు. లోపల కడుపులో రక్తం కారుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే శవాన్ని తెచ్చినప్పుడు ఆయన చేతి కట్టు ఇంకా తడి ఆరలేదు. ఆ కట్టుని ముట్టుకుని చూసింది చుక్కమ్మ. చెప్పిన కథకీ విరిగిన ఎముకకీ పొత్తు కుదరకపోతే ఇంకో దెబ్బ ఎక్కడో దాగుందన్న మాటే అని ఆ రోజు ఆవిడ బుర్రలో పడింది. ఇప్పుడున్న పెద్ద డాక్టరుగారు కూడా, కట్టు మీద చుక్క కనబడితే ఆ మనిషిని మళ్ళీ తల నుంచి కాళ్ళ దాకా చూస్తారు. అలా ఆ చుక్క బతికించినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు.

ఇలాంటి మనిషికి ఒక్కడే కొడుకు. ఇరవయ్యేళ్ళవాడు, మొబైల్ రిపేరు షాపులో పని. గింజంత స్క్రూలు కూడా వాడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెప్పినట్టు వింటాయి. బండి హ్యాండిల్ ముట్టుకుంటే నా శవాన్ని చూసినంత ఒట్టని వాడికి పద్దెనిమిది నిండిన రోజే చెప్పింది. లైసెన్సు తీసుకోనివ్వలేదు. నడిచి వెళ్ళు, బస్సెక్కు, మీ నాన్న బస్సే ఎక్కు అంది. వాడు సరేనన్నాడు. కొడుకు ఆ 'సరే' అన్న తీరుని కూడా ఆవిడ రెండు రోజులు అనుమానంగా తలచుకుంది. తర్వాత పనిలో పడి వదిలేసింది.

ఒక సోమవారం మధ్యాహ్నం నాలుగింటికి ఆటోలోంచి ఇద్దర్ని దించారు. ఒకడు స్పృహలో లేడు. తొడ విరిగింది, దవడ పక్కకి జరిగిపోయింది. పార్సిళ్ళు చేరవేసే పని వాడిది. వీధిలో అందరూ పొడుగోడు అంటారు. రెండోవాడు కుడి చెయ్యి పొట్టకి ఆనించుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నడుచుకుంటూ కట్ల గదిలోకి వచ్చాడు. వాడు చుక్కమ్మ కొడుకు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. ముందు కళ్ళు చూసింది, తల తడిమింది, పొట్ట నొక్కింది. పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని, కుడి బొటనవేలు మొదట్లో విరిగిందని చెప్పి, ఎలా జరిగిందని అడిగారు. కొడుకు తల వంచుకుని చెప్పాడు. బండి పొడుగోడిది. వాడే నడిపాడు, తను వెనకాల కూర్చున్నాడు. యూటర్ను దాకా పోవడం దేనికని రాంగ్ రూట్‌లో తిప్పాడు. ఎదురుగా వచ్చిన ఆటోకి గుద్దుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒకే హెల్మెట్ ఉంది. అది ఎవరి నెత్తి మీదా లేదు, బండి అద్దానికి తగిలించి ఉంది.

కథ బాగుంది. కుక్క లేదు, ఇసక లేదు. చుక్కమ్మ ఇంట్లో పెరిగినవాడు కాబట్టి కుక్కని తీసుకురాకూడదని వాడికి తెలుసు. డాక్టరుగారు సరేనని రాసుకుని పొడుగోడి దగ్గరికి పరిగెత్తారు.

ఆవిడ గోరువెచ్చటి నీళ్ళలో పట్టీ ముంచి, బుడగలు ఆగేదాకా చూసి, పిండింది. అందరికీ చెప్పే మాటే కొడుక్కీ చెప్పింది. "గ్లాసు పట్టుకున్నట్టు పెట్టు." వాడు పెట్టాడు. బొటనవేలు ఎడంగా, మిగతా నాలుగు వేళ్ళు వంగి. ఆ చేతిని అలా చూసి ఆవిడ పట్టీ చుట్టకుండా ఆగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా ఈ వేలు విరిగినవాళ్ళని వందల్లో చూసింది. బండి దేనికైనా గుద్దుకున్నప్పుడు హ్యాండిల్ పట్టుకున్న చేతికి విరిగే వేలది. వెనక కూర్చున్నవాడి చెయ్యి హ్యాండిల్ మీద ఎందుకుంటుంది? వాడికి భుజం పోతుంది, మోచెయ్యి పోతుంది, వీపు చెక్కుకుపోతుంది. ఈ మాట ఆవిడే కొత్త డాక్టర్లకి అరటిపండు ఒలిచినట్టు చెబుతుంటుంది. వాళ్ళెవరైనా ఆ రోజు ఆ గదిలో ఉంటే ఆవిడ మాటే ఆవిడకి అప్పజెప్పేవాళ్ళు.

కట్టు గట్టిపడుతూ వేడెక్కింది. తేదీ రాసింది. 'వెనక సీటు' అని రాసింది. మార్కరు ఆ మాట పక్కనే ఆగింది. కొడుకు ఆ మార్కరు మొననే చూస్తున్నాడు. ఆవిడ మూత పెట్టేసింది. పడ్డవాడు నేలని ఎలాగైనా తాకొచ్చు, బొటనవేలు నేలకి తగిలి కూడా విరగొచ్చు అని తనకి తనే చెప్పుకుంది. ఇంకెవడైనా ఆ మాటంటే కాకమ్మ కథలు చెప్పకంటూ చుక్క పెట్టేసేది.

పొడుగోడి తొడలో రాడ్డు వేశారు, దవడకి తీగలు కట్టారు. రెండో రోజుకి తెలివొచ్చింది. నోరు తెరవలేడు గనక కాగితం మీద రాసి అడిగాడు, ఏం జరిగిందని. ఆ రోజు పొద్దున్నించి జరిగిందేదీ వాడికి గుర్తులేదు. తలకి దెబ్బ తగిలితే అంతే, కొందరికి ఆ పూట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. బండి నీదే, నడిపిందీ నువ్వే, పక్కవాడి చెయ్యి విరగ్గొట్టావు, కేసు కూడా నీ మీదే రాశారని అందరూ చెప్పారు. వాడు నమ్మాడు. కాగితం మీద 'సారీరా' అని రాసి, దాన్ని నా స్నేహితుడికి ఇవ్వమ్మా అని వాళ్ళమ్మకి సైగ చేశాడు.

వాళ్ళమ్మది రెండు వీధుల అవతల ఇస్త్రీ బండి. బుధవారం ఆ కాగితం పట్టుకుని కట్ల గది గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రావచ్చో లేదో తెలియక చెప్పులు బయట విడిచింది. "మావాడి తలపొగరు వల్ల మీ బిడ్డకి కష్టమొచ్చిందక్కా. కడుపులో పెట్టుకోండి" అంది. చుక్కమ్మ పర్లేదమ్మా అనలేదు, అదేం కాదమ్మా అనలేదు. దూది చుట్టతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆ మౌనాన్ని ఇస్త్రీ ఆవిడ కోపం అనుకుంది. అటూ ఇటూ చూసింది. మేకుకి నలిగిపోయిన తెల్లకోటు వేలాడుతోంది. ఏమీ అడక్కుండా దాన్ని తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ కోటు మడత చెడకుండా తిరిగొచ్చింది. చేతులకి గీత గీసినట్టు మడతలు. కాలరు కింద కూడా ఇస్త్రీ పడింది. ఇరవై రెండేళ్ళలో చుక్కమ్మ అంత తిన్నని కోటు వేసుకోలేదు. ఇస్త్రీ ఆవిడ రెండో కోటు పట్టుకుపోయింది. అలా రోజుకొకటి. దీనికి ఏమీ అనుకోవద్దక్కా, నేను చెయ్యగలిగింది ఇంతే అంది. ఆ కోటు తొడుక్కుని పని చేస్తుంటే చుక్కమ్మకి ఒంట్లో ముళ్ళు గుచ్చుకుంటున్నట్టే ఉండేది. వద్దని ఎలా చెప్పాలి? వద్దంటే ఎందుకో చెప్పాలి.

ఇంట్లో సంగతి ఇంకా వింత. ఎన్నడూ లేనిది, చుక్కమ్మ కొడుకుని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చిన్నప్పుడు పలక పగిలితే పదిసార్లు అడిగి నిజం కక్కించిన మనిషి, ఇప్పుడు వాడికి చెంచాతో అన్నం తినిపిస్తూ కిటికీలోంచి బయటికి చూసేది. చూపు మాత్రం ఊరుకుంటుందా? ఫోను మోగితే వాడు ఉలిక్కిపడటం చూసింది. పొడుగోడి పేరెత్తితే ముద్ద మింగలేకపోవడం చూసింది. గురువారం వాడు నిక్కరు వేసుకుని మంచం దిగుతుంటే రెండు తొడల లోపలి వైపూ నల్లగా కమిలి ఉండటం చూసింది. బండి ట్యాంకు రెండు కాళ్ళ మధ్య ఎవరికుంటుందో చిన్నపిల్లలకైనా తెలుసు. ఆవిడ దుప్పటి మడతపెట్టే నెపంతో అటు తిరిగిపోయింది.

ఆ సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి వచ్చి, టీ తాగుతూ నెమ్మదిగా అన్నాడు. "వాణ్ణి అడగవేం?"

"అడగడానికేముంది? చెప్పాడుగా" అంది.

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. ఆయన గ్లాసు కడుక్కుని బోర్లించి వెళ్ళి పడుకున్నాడు.

ఎవరి పిల్లలు వాళ్ళకి ముద్దు, కాదనను. కానీ చుక్కమ్మ లోపల రంపం ఆడుతూనే ఉంది. తను గనక నోరు విప్పితే కేసు కొడుకు మీదికి వస్తుంది, అదీ లైసెన్సు లేకుండా నడిపిన కేసు. విప్పకపోతే ఆ పొడుగోడు చెయ్యని తప్పుకి జన్మంతా తల దించుకుంటాడు. ఏం, వాడి ఎముకలు అతుకుతాయి, కేసులు ఏళ్ళ తరబడి నడిచి ఎప్పుడో కొట్టేస్తారు, ఎవడికీ ప్రాణం పోలేదుగా అని సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకునేవాళ్ళని ఆవిడ ఎంతమందిని చూసింది, ఎంతమందిని చూసి మనసులో ఛీ కొట్టింది!

శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ ఆవిడ కోటు హ్యాంగరుకి తగిలించి తెచ్చింది. ఇచ్చి కదల్లేదు. ఏదో అడగాలని ఉంది గానీ మొహమాటపడుతోంది. చివరికి, "అక్కా, మావాడి కాలి దగ్గర వాసనొస్తోంది" అంది. "తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె పెట్టి మర్చిపోతే వస్తుందే, అలాంటి వాసన. రాత్రినుంచి జ్వరం కూడా ఉంది. నర్సమ్మకి చెప్పా. తొడ ఆపరేషను కదా, జ్వరం ఉంటుందిలే అంది."

ఏ కాలని చుక్కమ్మ అడిగింది. విరగని కాలే, ఎడమది, మడమ దగ్గర గీసుకుపోతే మందు రాసి గుడ్డ చుట్టారని ఆవిడ చెప్పింది.

చుక్కమ్మ చేతిలో పట్టీ నీళ్ళలోనే వదిలేసింది. బల్ల మీద కూర్చున్న పేషెంటుని అలాగే ఉండమని, వార్డుకి నడిచింది. పరిగెత్తినట్టే నడిచింది. వెనకాలే హ్యాంగరు పట్టుకుని ఇస్త్రీ ఆవిడ.

పొడుగోడు కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. దుప్పటి తొలగించి మడమ మీది గుడ్డ విప్పింది. మడమ వెనక చర్మం నల్లగా, తోలులా అయిపోయింది. నలుపు చుట్టూ ఎర్రగా వాచింది. ఆ నలుపు మీద అడ్డంగా మూడు గీతలు, ఒకదాని పక్కన ఒకటి, సమానమైన ఎడంతో. రోడ్డు మీద గీసుకుంటే అలా గీతలు పడవు. అవి బండి వెనక చక్రం పుల్లలు. సోకు కోసం చక్రం పక్కనుండే జాలీ విప్పేస్తారు కుర్రాళ్ళు. గుద్దుకున్నప్పుడు వెనక కూర్చున్నవాడి కాలు జారి అందులోకి పోతుంది. పైకి చిన్న గాయంలా ఉంటుంది. లోపల కండ నలిగి, నాలుగైదు రోజులకి గానీ చచ్చిందని బయటపడదు. ముందు కూర్చుని నడిపేవాడి కాలు ఆ చక్రానికి అందనే అందదు.

ఇంక సందేహానికి చోటు లేదు. బొటనవేలికి సాకు దొరికింది, తొడలు చూసి అటు తిరిగిపోయింది, ఈ మడమకి ఏ సాకూ లేదు.

పెద్ద డాక్టరుగారిని పిలిపించింది. ఆయన వచ్చి వంగి చూశారు. చర్మం చచ్చింది, శుభ్రం చేసి మందు మార్చి రెండు రోజులు చూద్దామా అని తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. చుక్కమ్మకి తెలుసు, గీసుకున్న గాయమైతే అది చాలు. చక్రంలో నలిగిన కాలైతే రెండు రోజులు ఆగడానికి లేదు. ఇవాళే తెరిచి, చచ్చిన కండ తీసి, మడమ వెనక నరం బతికుందో లేదో చూడాలి. ఆలస్యమైతే పాదం మీదికి వస్తుంది. పాదం పోతే పార్సిళ్ళు మోసే కుర్రాడు ఏమవుతాడు?

"ఇది చక్రంలోకి వెళ్ళిన కాలు సార్" అంది.

ఆయన తల ఎత్తారు. "నడిపినవాడి కాలు వెనక చక్రంలోకి ఎలా వెళ్తుందమ్మా?"

మంచానికి అటువైపు ఇస్త్రీ ఆవిడ తెల్లకోటు గుండెలకి ఆనించుకుని నిలబడి ఉంది. చుక్కమ్మ ఆమెని చూడకుండా ఉండాలని చూసింది గానీ చేతకాలేదు. ఆమెని చూస్తూనే చెప్పింది.

"వీడు నడపలేదు సార్. వీడు వెనక కూర్చున్నాడు. నడిపింది మావాడు."

డాక్టరుగారి గొంతులో కోపం లేదు, అదే చుక్కమ్మకి ఎక్కువ తగిలింది. "మీవాడి కట్టు మీద చుక్క లేదు కదమ్మా. లేదనే నేను ఈ అబ్బాయిని మళ్ళీ చూడలేదు." అని, థియేటరు సిద్ధం చెయ్యమని నర్సుకి చెప్పి వెళ్ళిపోయారు.

థియేటరు బయట బెంచీ మీద ఇద్దరు తల్లులూ పక్కపక్కనే కూర్చున్నారు. లోపల గంటన్నర పట్టింది. ఇస్త్రీ ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "మీకెప్పుడు తెలిసిందక్కా?"

ఇవాళే మడమ చూశాక తెలిసింది అనొచ్చు. డాక్టరుగారూ అదే అనుకుంటున్నారు. అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. వేలమంది తన బల్ల మీద కూర్చుని ఆ అబద్ధం ఎంత సులువుగా ఆడారో చుక్కమ్మకి అప్పుడు అర్థమైంది.

"మొదటి రోజే" అంది. "కట్టు వేస్తున్నప్పుడే."

ఇస్త్రీ ఆవిడ తిట్టలేదు. కోటు మీద పడిన మడత ఒకటి వేలితో సర్దింది. ఇన్నాళ్ళూ చెప్పలేదు మరి అన్నట్టు ఒకసారి తల ఊపి, లేచి వెళ్ళి ఎదురు బెంచీ మీద కూర్చుంది. కోటు తనతోనే తీసుకెళ్ళింది.

మడమ తెరిచి చచ్చిన కండ తీశారు. నరం సగం బతికుంది. పాదం దక్కుతుందన్నారు, నడక మాత్రం పూర్వంలా ఉంటుందని మాటివ్వలేమన్నారు. రెండు రోజుల ముందే తెలిస్తే ఇంత కండ పోయేది కాదని కూడా అన్నారు. ఆ మాట ఎదురెదురు బెంచీల మీద ఇద్దరికీ వినబడింది.

సాయంత్రం చుక్కమ్మ కట్ల గదిలోంచి ఊదా మార్కరు తీసుకుని ఇంటికి వెళ్ళింది. కొడుకు ఎడంచేత్తో ఫోను చూస్తూ కూర్చున్నాడు. ఎదురుగా కూర్చుని వాడి కట్టు ఒళ్ళోకి లాక్కుంది. 'వెనక సీటు' అన్న మాట పక్కన చుక్క పెట్టింది. చుక్క పక్కన ఆ రోజు తేదీ వేసింది, కట్టు వేసిన తేదీ కాదు. వాడు ఆ చుక్క చూసి ఏడవడం మొదలుపెట్టాడు. ఫోను కింద పడితే తియ్యలేదు.

అంతా బయటికొచ్చింది. రెండు నెలలుగా పొడుగోడే వాడికి బండి నేర్పుతున్నాడు. ఆ రోజు షాపు యజమాని త్వరగా రమ్మని ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, ఒక చేత్తో ఫోను తీస్తూ రాంగ్ రూట్‌లో తిప్పింది వాడే. పొడుగోడు వద్దురా అంటూనే ఉన్నాడు. పడ్డాక మొదట గుర్తొచ్చింది పొడుగోడు కాదు, తన తల్లి పెట్టిన ఒట్టు. ఆ మాట చెబుతూ వాడు తల ఎత్తలేదు.

"నాకు చెప్పాలనే ఉందమ్మా. నువ్వు అడుగుతావని రోజూ చూశాను. ఊరందరినీ అడుగుతావు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వు నమ్మావనుకున్నా."

గుమ్మంలో చెప్పులు విప్పుతున్న మొగుడు ఆ మాట విని అక్కడే నిలబడిపోయాడు. చుక్కమ్మ కింద పడ్డ ఫోను తీసి వాడి పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున ముగ్గురూ కలిసి పోలీసు స్టేషనుకి వెళ్ళి కేసు కాగితం మార్పించారు. అక్కణ్ణుంచి వార్డుకి. కొడుకు చెప్పిందంతా పొడుగోడు విని, కాగితం అందుకుని, 'బండి ఎలా ఉంది' అని రాశాడు. కొడుకు ఆ మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. కేసు మాత్రం కేసులాగే నడిచింది. చెయ్యి కట్టులో ఉండగానే రెండుసార్లు కోర్టు మెట్లెక్కాడు. షాపులో వాడి చోట ఇంకొకర్ని పెట్టుకున్నారు.

ఆరు వారాలకి కట్టు కొయ్యడానికి బల్ల మీద కూర్చున్నాడు. చుక్కమ్మ సగం కోసి, రంపం ఆపింది. అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఇప్పుడు చెప్పు. ఏమొచ్చింది అడ్డం?"

"ఏమీ రాలేదు. నేనే వెళ్ళాను" అన్నాడు.

గుమ్మం బయట పొడుగోడు కర్ర మీద ఆనుకుని వాడి కోసం చూస్తున్నాడు. ఎడమ మడమ నేలకి పూర్తిగా ఆనదు, అడుగు వేసినప్పుడల్లా భుజం ఒక పక్కకి వంగుతుంది. వాడి పక్కన వాళ్ళమ్మ ఉంది. చుక్కమ్మ బయటికి రాగానే ఇస్త్రీ ఆవిడ సంచిలోంచి కోటు తీసి చేతికిచ్చింది. ఆ శనివారం పట్టుకెళ్ళిన కోటే. ఉతికి, ఆరేసి, మడిచి ఉంది. ఇస్త్రీ లేదు.

చుక్కమ్మ రెండు చేతులా అందుకుంది. లోపలికి వచ్చి, ఆ నలిగిన కోటే తొడుక్కుని, తర్వాతి పేషెంటుని పిలిచింది.